అంచుదాకా పోసిన టీ

ఫ్యాన్లు మూడూ తిరుగుతున్నాయి, మదర్‌బోర్డు మూలన నారింజరంగు దీపం ఒకటి చిన్నగా వెలుగుతోంది, తెర మాత్రం నల్లగా మొహం మాడ్చుకుని కూర్చుంది, పొద్దుట్నుంచి అది అలా కూర్చోవడం ఇది ఐదోసారి. బైషెన్ గోడ గడియారం చూశాడు, పన్నెండుంపావు, బిష్కెక్ నుంచి వచ్చే వ్యాను డొలోన్ కనుమ దిగే ఉంటుంది, అందులో వియ్యంకుడు షంబెత్ ముందు సీట్లో కూర్చుని ఉంటాడు, ఎప్పుడూ ముందు సీటే, వెనక కూర్చుంటే కడుపులో తిప్పుతుందంటాడు, తిప్పేది కడుపులో కాదు తలలో, ఒంటిగంటకల్లా ఈ గుమ్మంలో నిలబడి టోపీ అయినా తియ్యకుండా అడుగుతాడు, ఏం బావగారూ మీ మిషను లేచిందా అని. లేవలేదు. లేస్తుంది, ఎందుకు లేవదు. బైషెన్ బటను నొక్కితే ఫ్యాన్లు ఆగాయి, పదిదాకా లెక్కపెట్టాడు, మళ్ళీ నొక్కాడు, ఫ్యాన్లు తిరిగాయి, నారింజ దీపం వెలిగింది, ఇది ఆరోసారి.

నొక్కు, పది లెక్కపెట్టు, మళ్ళీ నొక్కు, ఈ మూడు ముక్కల విద్యతోనే నారిన్ ఊళ్ళో ఇరవై ఏళ్ళు టీవీలు బాగుచేశాడు, అప్పటికీ మాట వినకపోతే కుడివైపు డొక్కలో అరచేత్తో ఒకటి, అంతే, బొమ్మ లేచి నిలబడేది. ఇందాక దీనికీ ఒకటి ఇచ్చాడు. టీ కూజా పట్టుకుని గుమ్మంలో నిలబడ్డ కోడలు బెగిమాయ్ కళ్ళు గట్టిగా మూసుకుంది, ఏమీ అనలేదు, ఏమీ అనదు, అదే ఆ పిల్లతో వచ్చిన చిక్కు, మామగారి మాటకి ఎదురు చెప్పకూడదని ఎవరు నేర్పారోగాని మరీ అంత బాగా నేర్పాలా. పిల్ల బడులకీ ఆసుపత్రులకీ నక్షాలు గీస్తుంది, బిష్కెక్‌లో ఆఫీసు, పెళ్ళయి ఇక్కడికొచ్చాక ఇంట్లోనుంచే గియ్యమన్నారు, కానీ ఆ నక్షాలు పాత కంప్యూటర్లో తెరవబోతే అది గంటసేపు రొప్పి పడుకుంటుంది, అందుకని ఆఫీసువాళ్ళు గడువు పెట్టారు, సోమవారానికి సరైన మిషను ఉంటే సరే, లేకపోతే ఆ పని ఇంకొకరికి. ఇవాళ శనివారం. షంబెత్ అప్పుడే విందులో అన్నాడు, దుకాణంలో కట్టి పెట్టినదే ఒకటి కొని పంపిస్తాలెండి బావగారూ అని, ఎంతో మర్యాదగానే అన్నాడు, మర్యాదగా అన్నాడనే ఒళ్ళు మండింది, చుట్టూ పదిమంది ఉన్నారు, మాంసం పళ్ళెం మధ్యలో ఉంది, పెద్దరికానికి గుర్తుగా గొర్రె తలకాయ తన ముందు పెట్టారు, తలకాయ ముందు పెట్టాక మనిషికి కాస్త పొగరెక్కుతుంది, నా కోడలి మిషను నా చేత్తోనే కడతాను, ఒకరు కట్టింది మా గడప తొక్కదు అనేశాడు. ఆ తలకాయ చెవి కోసి పక్కవాడికి ఇచ్చాడు, మాటని మాత్రం వెనక్కి తీసుకోలేకపోయాడు.

ఇప్పుడు తెర వెలగకపోతే షంబెత్ నవ్వుతాడు, నవ్వనీ, ఆ బంగారు పళ్ళ నవ్వు పదేళ్ళు భరించగలడు. భరించలేనిది ఇంకొకటుంది. ఉద్యోగం పోతే ఆ పిల్ల ఒక్క మాట అనదు, రేపు పొద్దున ఎప్పట్లాగే తెల్ల రుమాలు తలకి కట్టుకుని వచ్చి వంగి దణ్ణం పెట్టి టీ పోస్తుంది, ఎల్లుండీ పోస్తుంది, అలా ఎన్నేళ్ళు పోస్తుందో, ప్రతి గిన్నెలోనూ ఆ అనని మాట ఉంటుంది, అది తాగాలి తను.

నాలుక మళ్ళీ సందులోకి పోయింది, కింద ఎడమవైపు పన్ను ఉండాల్సిన చోట మెత్తగా, ఉప్పగా ఉంది, ఆ పన్ను కూడా ఈ మిషను ఖాతాలోదే. ఏది దేనికి పొసగుతుందో తెలుసుకోవడానికే నెల పట్టింది, స్కూలు నోటుబుక్కులో గళ్ళు గీసుకున్నాడు, ఈ ప్రాసెసర్ ఈ బోర్డు మీద కూర్చుంటుందా, బోర్డు ఈ పెట్టెలో పడుతుందా, ర్యామ్ కొత్త తరందా పాత తరందా, పాతదైతే అంచున గంటు ఒకచోట కొత్తదైతే ఇంకోచోట, తిప్పి పెట్టినా దిగదు, పెళ్ళి సంబంధాలు చూసినంత పనీ అయింది. ఆ పోలికే కొంప ముంచింది. బిష్కెక్ దుకాణంలో కళ్ళజోడు ఆవిడ ర్యామ్ ముక్కలు రెండున్న డబ్బా చేతిలో పెట్టి, పెద్దాయనా, ఇవి జంట, రెండూ ఒకేచోట ఒకే రోజు తయారైనవి, పేచీ ఉండదు అంది. బైషెన్‌కి నవ్వొచ్చింది. ఏడు తరాల దాకా ఒకే రక్తం తగలకూడదని తాతల పేర్లు వేళ్ళ మీద లెక్కపెట్టి పిల్లనిచ్చే జాతి, ఒకే కడుపున పుట్టినవాటిని జంట అని అంటగడతావా, మీదే ఊరు తల్లీ అని అడిగాడు. ఆవిడ కళ్ళజోడు తీసి తుడుచుకుంది. అతను ఒక కంపెనీది ఒకటి, దాని మొహం కూడా ఎరగని ఇంకో కంపెనీది ఒకటి, ఏరి మరీ కొన్నాడు, ఒకటి ఆరువేల పరుగు, ఇంకోటి ఐదువేల రెండొందలు, మంచి దూరపు సంబంధం అనుకుని వ్యానెక్కాడు.

ఇంటికొచ్చి రెండు డబ్బాలూ బల్ల మీద పెడితే బెగిమాయ్ వాటిని చాలాసేపు చూసింది. టీ పోసింది. పోశాక, ఎవరితోనూ కాకుండా కిటికీతో అన్నట్టు అంది.

“బిష్కెక్‌లో మా స్నేహితురాలి పెదనాన్న ఒకాయన ఉన్నాడు మామయ్యా. పాపం, వేరువేరు ఇళ్ళ ర్యామ్‌లు రెండు కలిపి పెట్టాడట. ఒకటి పరిగెడతానంటే ఒకటి నడుస్తానందట. మిషను గంటకోసారి కళ్ళు తిరిగి పడిపోయేదట.”

“పడితే?”

“ఏముంది, ఒకే డబ్బాలో జంట కొని తెచ్చుకున్నాడట. తర్వాత పడలేదట.”

అంతే, మర్నాడు బైషెన్‌కి పన్ను నొప్పి వచ్చింది. నారిన్‌లో పళ్ళ డాక్టరు లేడా అని భార్య కలీచా చెవిలో ఇల్లు కట్టుకుని పోరింది, ఉన్నాడు కానీ చెయ్యి మంచిది కాదన్నాడు, ఐదు గంటలు పోను, ఐదు గంటలు రాను, దుకాణంలో కళ్ళజోడు ఆవిడ ఏమీ అడక్కుండానే జంట డబ్బా తీసి ముందు పెట్టింది, అదీ ఒళ్ళు మండేలాగే పెట్టింది. తిరుగు వ్యానెక్కే ముందు గుర్తొచ్చింది, పన్ను కోసం వచ్చినవాడు పన్నుతో తిరిగెళితే ఎలా అని. ఎలాగూ రేపో మాపో ఊడేదే, ఊడేదేనా, డాక్టరు గట్టిగానే ఉందన్నాడు, తియ్యడానికి ఇద్దరు పట్టుకున్నారు. ఆ తర్వాత నాలుగు రోజులు బెగిమాయ్ మెత్తటి సేమ్యా పులుసు చేసి పెట్టింది, ఒక్కసారి కూడా మొహంలోకి చూడలేదు, చూస్తే నవ్వొస్తుందని చూడలేదేమో, ఆ ఆలోచన అప్పుడు రాలేదు, ఇప్పుడొచ్చింది, తెర నల్లగా ఉంటే ఇలాంటివే వస్తాయి. తెర. ఇంకా నలుపే. నొక్కాడు, పది, నొక్కాడు, ఏడోసారి.

“ఏమయ్యోయ్! బొమ్మ వచ్చిందా?” వంటింట్లోంచి కలీచా.

“వస్తోంది!”

“ఎక్కడిదాకా వచ్చింది? కొచ్కోర్ ఊరు దాటిందా?”

మీ ఇంటిల్లిపాదికీ నేనే దొరికాను అనుకున్నాడు, పైకి అనలేదు, ఇవాళ తనకి అనే హక్కు లేదు. ఎక్కడ పొసగలేదు? ప్రాసెసర్ సరిగానే కూర్చుంది, కూర్చోబెట్టేటప్పుడు ఊపిరి బిగబట్టాడు. ర్యామ్‌లు? మొదట వాటిని మొదటి రెండు గదుల్లో పక్కపక్కనే పెట్టాడు, ప్రాసెసర్ ఇంటి యజమాని, కొత్త అతిథులకి యజమాని పక్కనే చోటివ్వాలి, తలుపు దగ్గర కూర్చోబెడతామా, భోజనానికి దస్తర్‌ఖాన్ గుడ్డ పరిస్తే ఎవరు ఎక్కడ అన్నది పుట్టినప్పట్నుంచీ ఎరుగును తను. దానికీ ఆ పెదనాన్నే అడ్డం వచ్చాడు, నిన్న మధ్యాహ్నం, టీ పోస్తూ కోడలు మళ్ళీ కిటికీతో అంది, మా స్నేహితురాలి పెదనాన్న కూడా మొదటి రెండు చోట్లా పెట్టాడట మామయ్యా, తీరా చూస్తే రెండోదీ నాలుగోదీ అట వాటి చోట్లు, మధ్యన ఒకటి ఖాళీ వదలాలట. ఖాళీ వదిలాడు, రెండూ టక్కుమని కూర్చున్నాయి, కానీ తన లోపలే ఏదో తెగింది. మరి పొద్దున ఆ పిల్ల మళ్ళీ, మా స్నేహితురాలి పెదనాన్న మొదటిసారి బటను నొక్కి, అని ఎత్తుకోగానే అరిచేశాడు, ఆ పెద్దమనిషికి బుర్రలో గడ్డి తప్ప ఏమైనా ఉందా, నెల్నుంచి చూస్తున్నాను, చేసిన ప్రతి పనీ తప్పే, ఇంకొక్కసారి ఆయన ఊసు ఈ ఇంట్లో వినపడకూడదు. బెగిమాయ్ తలొంచుకుంది. సరే మామయ్యా అంది. రుమాలు అంచు నోటికడ్డం పెట్టుకుని వెనక్కి అడుగులేస్తూ వెళ్ళిపోయింది, పెద్దలకి వీపు చూపించకుండా, గుమ్మం తగులుతుందేమోనని ఎప్పుడూ భయమే, ఎప్పుడూ తగలదు.

అప్పట్నుంచీ టీ మీద టీ వస్తోంది. వచ్చినప్పుడల్లా గిన్నె అడుగున రెండు గుటకలు పోసి ఇస్తుంది, పద్ధతి ప్రకారం, రెండు గుటకలైతే చల్లారదు, మళ్ళీ అడగొచ్చు, మళ్ళీ పొయ్యొచ్చు, కూర్చోండి తొందరేముంది అని దాని అర్థం. కానీ కూజాతోనే ఏదో పేచీ. బల్ల మీద మరక పడుతుందని బైషెన్ ఏదో పసుపుపచ్చ కాగితం మడిచి కూజా కింద వేశాడు, మదర్‌బోర్డు డబ్బాలోంచి రాలింది, రష్యన్‌లో ఏదో చీమల బారు, కాగితం చదివి చేసేవాడు మెకానిక్కు కాదు, గుమస్తా. ఆ పిల్ల టీ పోశాక కూజాని కాగితం మీద కాకుండా పక్కన పెడుతుంది, కాగితం అతని మొహానికెదురుగా ఉంటుంది. అతను కూజా తీసి మళ్ళీ కాగితం మీద పెడతాడు. ఆమె వచ్చి పక్కన పెడుతుంది. అతను సర్దుతాడు. మూడుసార్లయింది ఈ సంబరం, ఇంత చక్కగా పెరిగిన పిల్లకి బల్ల మీద మరకలు పడతాయన్న ఇంగితం లేకపోవడమేమిటో.

పన్నెండున్నర. నొక్కాడు, పది, నొక్కాడు. ఎనిమిది. వేలు ఇంకా బటను మీదే ఉంది, పక్కన మెత్తగా అడుగుల చప్పుడు, బెగిమాయ్ వచ్చింది, చేతుల్లో పెద్ద గిన్నె, రోజూ ఇచ్చేది కాదు, అతిథులకి పులుసు పోసే పింగాణీ గిన్నె, చెవి లేదు, పిడి లేదు. అందులో టీ పొయ్యడం మొదలుపెట్టింది. రెండు గుటకలు అయ్యాయి. ఆగలేదు. సగం. ఆగలేదు. బైషెన్ తల తిప్పి చూశాడు. పాలూ టీ కలిసి పైపైకి వస్తున్నాయి, అంచు దగ్గరికి వచ్చాయి, అంచు మీద వంగి నిలబడ్డాయి, ఇంకొక్క చుక్క పడితే పొర్లుతుంది, అప్పుడాపింది. మోకాళ్ళ మీద వంగి, కుడిచేత్తో ఇచ్చి ఎడమచెయ్యి మోచేతికి ఆనించి, ఎంతో వినయంగా, “జాగ్రత్త మామయ్యా, కాలుతోంది” అంది, అతని రెండు చేతుల్లోనూ పెట్టి వెనకడుగులేసి గుమ్మం దగ్గర నిలబడింది.

నిండు గిన్నె. తనకి. తన ఇంట్లో. ఈ కొండల్లో మాటలు రాని పాపాయికి కూడా తెలుసు నిండు గిన్నె అంటే ఏమిటో, ఇక మర్యాదలు చాలు, లెయ్యి, గుర్రం గుమ్మం ముందే ఉంది అని. తన తల్లి జన్మలో ఒక్కసారే పోసింది అలా, పశువుల లెక్కకొచ్చి మూడు రోజులు కదలకుండా తిష్ట వేసిన ఇన్స్పెక్టరుకి, అతను గిన్నెలోకి చూసి రంగు మారి, టోపీ మర్చిపోయి వెళ్ళిపోయాడు, ఆ టోపీ ఏళ్ళ తరబడి కోళ్ళు గుడ్లు పెట్టడానికి పనికొచ్చింది. ఇప్పుడు కోడలు తనకి పోసింది. లే అంటోంది. చాతకాదు నీకు, లేచి అవతలికి పో అంటోంది. లేచి వెళ్ళిపోదామనుకున్నాడు, లేవబోయాడు, గిన్నెలో టీ అటు ఒరిగింది, ఆగిపోయాడు. ఎదురుగా పెట్టె పక్క తలుపు ఊడదీసి ఉంది, లోపల అంతా కరెంటే, ఒక్క చుక్క చిమ్మితే ఇక సోమవారం కాదు జన్మలో లేవదు మిషను. కింద పెడదామంటే బల్ల నిండా మరలు, స్క్రూడ్రైవర్లు, వైర్లు, డబ్బాలు, ఆ కూజా. నేల మీదంటే కలీచా మూడు చలికాలాలు కూర్చుని కుట్టిన ఉన్ని తివాచీ, నమ్దా, దాని మీద పాలటీ పడితే షంబెత్ రాకముందే తన చావు జరిగిపోతుంది. తాగేద్దామంటే పొగలు కక్కుతోంది, ఒక గుటక పీల్చాడు, అది నేరుగా పన్ను సందులోకి పోయి నెత్తి దాకా కొట్టింది. రెండు చేతులూ గిన్నెకి అతుక్కుపోయాయి. బటను జానెడు దూరంలో ఉంది. మోచేత్తో అందదు. ముక్కుతో నొక్కొచ్చు, వంగితే టీ ఒలుకుతుంది. కాలి బొటనవేలితో, అరవై రెండేళ్ళ మనిషి కాలి బొటనవేలితో, గుమ్మంలో కోడలు చూస్తుండగా.

నొక్కలేడు. కూర్చున్నాడు. చెయ్యగలిగిందేమీ లేక తెర వంకే చూస్తూ కూర్చున్నాడు, మొదట కోపంగా చూశాడు, కోపం గిన్నె వేడికి కాస్త కాస్తగా వేళ్ళలోకి దిగింది, తర్వాత ఊరికే చూశాడు. నల్లటి అద్దంలో ఒక ముసలాయన, చేతుల్లో గిన్నె, అడుక్కోవడానికొచ్చినట్టున్నాడు. ఇలా నల్లటి అద్దం వంక చూస్తూ ఎప్పుడో కూర్చున్నాడు తను, ఎప్పుడు, చిన్నప్పుడు, వీధి మొత్తానికి ఒకటే టీవీ, పక్కింటి సైమాబాయి ఇంట్లో, లోపల గాజు లాంపులుండేవి, నొక్కగానే ఏదీ వచ్చేది కాదు, ముప్పై మంది నేల మీద మోకాళ్ళు దగ్గరికి లాక్కుని నల్లటి గాజు వంక చూసేవాళ్ళు, దగ్గేవాళ్ళు కూడా కాదు, ముందు గుయ్యిమని చప్పుడు, తర్వాత బూడిదరంగు, ఆ తర్వాత ఎక్కణ్ణుంచో మెల్లగా ఒక మొహం తేలేది. ఎవరూ లేచి ఆపేవాళ్ళు కాదు. మెకానిక్కయ్యాక తనే ఎన్ని ఇళ్ళలో చెప్పాడు, ఓపిక పట్టమ్మా, లాంపు వేడెక్కనియ్యి, మాటిమాటికీ చెవి మెలేస్తే ఏ బిడ్డ పాఠం చెబుతుంది అని. చెప్పినవాడికి ఎప్పుడు పోయింది ఆ ఓపిక, లాంపుల టీవీలతోపాటే చెత్తలో పారేశాడా. పన్నెండున్నర దాటింది. ముప్పై ఐదు. ఇంతసేపు ఈ పొద్దున దాన్ని ఒక్కసారి కూడా వదల్లేదు తను, రెండు నిమిషాలు, మహా అయితే మూడు, పీక నొక్కడమే. లోపల ఆ ర్యామ్‌లు రెండూ కొత్త ఇంటికొచ్చినవే కదా, ఆ బోర్డుకి వీటి పరుగు తెలియదు, వీటికి ఆ బోర్డు మాట తెలియదు, ఒకరినొకరు కనుక్కోవద్దూ, కొత్త కోడలు వచ్చినప్పుడు ఈ ఇంట్లో ఎవరికి టీలో ఉప్పు ఎక్కువో ఎవరికి తక్కువో తెలుసుకోడానికి ఎన్ని నెలలు పట్టింది, ఎవరైనా రెండు నిమిషాలకోసారి బయటికి గెంటి మళ్ళీ లోపలికి రమ్మన్నారా.

“ఏమయ్యా, వచ్చిందా?”

“అరవకు,” అన్నాడు బైషెన్, తనకే వినపడనంత మెల్లగా. “మాట్లాడుకుంటున్నాయి.”

పావు తక్కువ ఒంటిగంట. నారింజ దీపం ఆరింది. ఆరిందా, అయ్యో ఆరింది, పోయింది, అంతా పోయింది అనుకునేలోపు దాని పక్కన తెల్ల దీపం, ఆ పక్కన ఆకుపచ్చ దీపం, తెర ఒక్కసారి బూడిదరంగుకి తిరిగి, కంపెనీవాళ్ళ బొమ్మ కాదు, అక్షరాలు, తెల్లగా, వరసగా, ర్యామ్ రెండోగదిలో ముప్పై రెండు, నాలుగోగదిలో ముప్పై రెండు, మొత్తం అరవై నాలుగు. బైషెన్ ఏదో అరిచాడు, ఏమరిచాడో తర్వాత ఎవరూ చెప్పలేకపోయారు, కలీచా పిండి చేతుల్తో పరిగెత్తుకొచ్చింది, టీ తొడ మీద ఒలికింది, కాలింది, పట్టించుకోలేదు. మిగిలిన టీ గటగటా తాగేశాడు. ఖాళీ గిన్నె మోకాలి మీద పెట్టుకుని, గుమ్మం దగ్గర నిలబడ్డ కోడలి వంక చూశాడు. ఆ పిల్ల రుమాలు అంచుతో కళ్ళు తుడుచుకుంటోంది. ఏడుస్తోంది. మాట్లాడకుండా టీలు పోసిన పిల్ల ఇంత భయం మోసుకుని తిరిగిందా పొద్దుట్నుంచీ, అనుకున్నాడు.

“ఇలా వచ్చి కూర్చో తల్లీ,” అన్నాడు.

మామగారు టీ పొయ్యడమేమిటని కలీచా నోరు తెరిచింది, అతను కూజా ఎత్తాడు. కూజా కింద కాగితం ఉంది. మడత విప్పుకుని ఉంది, కూజా అడుగు తడి గుండ్రంగా అంటి ఉంది, ఆ గుండ్రం మధ్యన ఒక వాక్యం, దాని కింద పెన్సిలుతో రెండుసార్లు గీసి ఉంది. కొత్త ర్యామ్ పెట్టాక మొదటిసారి తెర పదిహేను నిమిషాల దాకా వెలగకపోవచ్చు. ఈలోగా ఆపవద్దు. బైషెన్ ఒకసారి చదివాడు. ఇంకోసారి చదివాడు. తన రెండు చేతులూ చూసుకున్నాడు, వేళ్ళు ఇంకా ఎర్రగా ఉన్నాయి. బెగిమాయ్ నమ్దా మీది పువ్వుల్ని లెక్కపెడుతున్నట్టు తలొంచుకుని కూర్చుంది. అతను చిన్న గిన్నె తీసుకుని అడుగున రెండు గుటకలు పోసి ఆమెకిచ్చాడు, కూజాని తిరిగి ఆ కాగితం మీదే, ఆ తడి గుండ్రంలోనే, సరిగ్గా పెట్టాడు.

వీధిలో వ్యాను ఆగింది, కొడుకు తిలెక్ తలుపు తీస్తున్నాడు, షంబెత్ గొంతు ఇంట్లోకి అతనికంటే ముందొచ్చింది. వచ్చాడు, టోపీ తియ్యలేదు, తెర వంక చూశాడు, వెలుగుతున్న అంకెల వంక చూశాడు, అప్పుడు తీశాడు.

“లేపారే బావగారూ! మేం దార్లో పందెం కూడా వేసుకున్నాం. ఒక్కరే కట్టారా?”

“మామయ్యే కట్టారు నాన్నా,” అంది బెగిమాయ్. “నేను టీ పోశానంతే.”

“ఒక్కణ్ణే ఎక్కడ బావగారూ,” అన్నాడు బైషెన్. “మీ అమ్మాయి స్నేహితురాలికి ఒక పెదనాన్న ఉన్నాడు చూడండి, బిష్కెక్‌లో. మహా తెలివైన మనిషి. ఈసారి వచ్చేటప్పుడు ఆయన్ని కూడా వెంటపెట్టుకు రండి, గొర్రె తలకాయ ఆయన ముందే పెడదాం.”

షంబెత్ కూతురి వంక తిరిగాడు. “ఎవరే ఆ పెదనాన్న? నీ స్నేహితురాళ్ళందరినీ ఎరుగుదును, ఏ పిల్లకీ పెదనాన్న లేడే!”

బెగిమాయ్‌కి పొరబోయింది, రుమాలు నోటికి అడ్డం పెట్టుకుంది. బైషెన్ నాలుకతో పన్ను సందు తడుముకుని, తన గిన్నె ఆమె ముందుకు చాచాడు. ఆమె రెండు గుటకలు పోసింది.